గాలి ఎటుందో చూసుకో

తుపాకి కుడి భుజానికి, ఏలియా,
కారం పంపు ఎడం చేతికి.
తారుమారు చేశావంటే తెల్లారేదాకా తడుముకోవాలి.
చీకట్లో చేతికి కళ్ళుండవు,
అలవాటే ఉంటుంది.

రేవు దాటేటప్పుడు పడవలో కూర్చోకు, నిలబడు.
గొట్టం ఆకాశం వైపు.
పడవ కామేశు ఏటా ఒకటే ముక్క అంటాడు:
"నా పడవకి చిల్లు పడితే
మీ పందులు ఈదుకొస్తాయమ్మా, నాకు ఈత రాదు."
ముప్పయ్యేళ్ళుగా గోదారి మీదున్న మనిషి.
నవ్వేసి ఊరుకో.

ఈ తుపాకి మీ తాతది.
లైసెన్సు కాగితం బైబిలు అట్ట వెనకాలుంది.
ఎలక్షన్లొస్తే ఠాణాలో జమ చెయ్యాలి.
సరిగ్గా మొక్కజొన్న పాలు పట్టే రోజులే అవుతాయవి.
పందులకి కోడ్ లేదు గదా.
ఆ నెలన్నరలో నేర్చుకున్నాను ఈ పంపు.

ఎండుమిరపకాయలు పావుకిలో,
వెల్లుల్లి ఓ గుప్పెడు దంచి మరగబెట్టు.
పాత చీరలో రెండుసార్లు వడకట్టు.
ఒక్క గింజ మిగిలినా నాజిల్ మూసుకుపోద్ది,
అదీ నువ్వు మీట నొక్కిన క్షణానే.
మంచె ఎక్కే ముందు పదిహేను ఒత్తులు,
అర్ధరాత్రి మళ్ళీ పది.
పంపులోంచి గాలి పోతా ఉంటుంది
ధైర్యం పోయినట్టే, చప్పుడు లేకుండా.

ఏది నమ్మాలని మీ నాన్ననడిగితే తుపాకే అంటాడు.
మీ నాన్న లంకలో ఒక్క రాత్రి పడుకున్నోడు కాదు.

నేను దాన్ని ఒక్కసారే పేల్చాను.
జొన్న వరసల మధ్య రెండు కళ్ళు,
పచ్చగా, కదలకుండా.
పేల్చాక నా చెవుల్లో గంటసేపు వాన.
పొద్దున్న వెళ్ళి చూద్దును గదా,
ఆవలి లంక బుల్లియ్య గేదె దూడ.
ఏరు పాయ ఈదుకుంటా వచ్చింది పాపం, పచ్చిమేతకి.
పద్దెనిమిది వేలు, పదకొండు వాయిదాలు.
బుల్లియ్య ఒక్క మాటా అనలేదు.
ప్రతి వాయిదాకీ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవాడు,
అది ఇంకా కష్టం.

పంపు సంగతి కూడా చెప్తాను, విను.
మొన్న మాఘంలో, కోడి కుయ్యకముందు
మంచె దిగాను. దిగే అవసరం అలాంటిది.
తుపాకి పైనే ఉండిపోయింది.
రెల్లుదుబ్బు వెనకనుంచి ఆడపంది,
రెండు బారల దూరం లేదు.
ఎడం చెయ్యి తనంతట తనే లేచింది.
కొట్టాను.
గాలి ఎటుందో చూసుకోలేదు.

సగం దాని మొహం మీద,
సగం నా మొహం మీద.
అది అరిచిందో నేను అరిచానో
ఇప్పటికీ చెప్పలేను.
ఏటి ఒడ్డుకి పాక్కుంటా పోయాను,
ఇసకలో మోచేతులు దోక్కుపోయాయి.
మొహం నీళ్ళలో ముంచి లేపి, ముంచి లేపి
ఎడం కన్ను కాస్త విచ్చుకున్నాక చూశాను:
పక్కనే అదీ ముట్టె ముంచి ఉంది,
చీదుతా, దగ్గుతా,
మన సోలొమోను మావయ్య చలికాలంలో దగ్గినట్టు.
గట్టు మీద దాని పిల్లలు ఏడు,
చారల చారల పిల్లలు,
వరసగా నిలబడి
మా ఇద్దర్నీ చూస్తన్నాయి.

తరవాతేమైందని అడక్కు.
అది ఎటొచ్చిందో అటే పోయింది.
చిలగడదుంప మూడు వరసలు
ముందే తవ్వేసుకుంది లే.

మంచె గుంజకి నీలం చీరపేలిక కట్టాను.
దిగే ముందు దాని మీదికి టార్చి వెయ్యి.
పేలిక నీ వైపు ఊగుతుంటే దిగకు,
ఎంత అవసరమైనా సరే.
పాత డబ్బా కొట్టు, కేకలెయ్యి, దగ్గు,
మనిషున్నాడని తెలియనియ్యి.
చాలాసార్లు అదే సరిపోద్ది.
తుపాకి ముట్టుకోబోయే ముందు
ఆ కళ్ళు ఎవరివో అడుగు. పైకే అడుగు.
దూడయితే అరుస్తుంది,
మనిషయితే తిడతాడు.

అదిగో, కామేశు పిలుస్తన్నాడు.
బ్యాటరీలు కొత్తవేనా?
సరే పో.
నిలబడి వెళ్ళు.